పెట్రోలు డబ్బా మూత

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు అరచేతిలో పట్టేంతే ఉంటుంది. పెట్రోలు డబ్బా మూత. బీరువాలో పాత చీరల కింద దాచాను. మా ఆయనకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు మా తోడికోడలికి చుట్టం కాదు.

బొల్లాపల్లి దగ్గర మాకు మిరప తోట ఉంది. ఆ ఏడు మందు కొట్టడానికి సాంబయ్యను పిలిచాం. ఊరి వరసకు నన్ను అక్కా అంటాడు. పెట్రోలుతో నడిచే తైవాన్ పంపు భుజాన వేసుకుని అందరి తోటలకూ వాడే వెళ్లేవాడు. అదే వాడి బతుకు. పెట్రోలు మేమే ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చి పాకలో పెట్టేవాళ్లం. మూతలో వాషరు పోతే, కారకుండా పాల ప్యాకెట్ కవరు ముక్క పెట్టి బిగించాను. ఇక్కడ అందరూ చేసే పనే. ఆ రోజు ఎండకు డబ్బా ఉబ్బి ఉంది. చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

పాకలోనే పొయ్యి మీద కూలీలకు టీ కాస్తున్నాను. పెట్రోలు అయిపోయిందని సాంబయ్య చాళ్లలోంచి కేకేశాడు. పొయ్యి ఆర్పకుండా డబ్బా ముట్టుకోవద్దని మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో! ఇంతమాత్రానికి టీ ఆపడమెందుకని, పొయ్యికి కాస్త ఎడంగా కూర్చుని మూత తిప్పాను. బుస్సుమంది. అంతే, పొయ్యి దగ్గర్నుంచి మంట నేలబారున నా వైపు వచ్చింది. మూత చేతిలో ఉండగానే బయటపడ్డాను. నేను లోపలే ఉన్నాననుకుని సాంబయ్య పాకలోకి దూరి ముంజేయి కాల్చుకున్నాడు. పాకా, అందులో ఉన్న మా బావగారి డ్రిప్పు పైపులూ బూడిదయ్యాయి.

మంట ఆర్పాక ఫైరాఫీసరు బూడిదంతా కెలికించాడు. కరిగిన డబ్బా దొరికింది. మూత దొరకలేదు. అది నా రొంటిన ఉంది.

“మూత ఎవరు తీశారమ్మా?” అని అడిగాడు.

పక్కనే మా తోడికోడలు నిలబడి ఉంది. ఆవిడ నోట్లో పడితే ఇక జన్మంతా దెప్పుళ్లే.

“ఎవరూ తీయలా సార్. పొయ్యి కూడా అప్పటికే ఆర్పేశా.”

సాంబయ్య చేతికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. “పొద్దున పాక పక్కన బీడీ తాగా సార్. పీక సరిగ్గా ఆర్పానో లేదో,” అన్నాడు.

వాడి మీద నేను చెప్పలేదు. కానీ వాడే తన మీద వేసుకుంటుంటే నోరు మూసుకున్నాను. రెండింటికీ తేడా ఏముంది? పాక తగలబెట్టినవాడని ఆ తర్వాత వాణ్ని ఎవరూ మందు కొట్టడానికి పిలవలేదు.

ఇప్పుడంతా బాగానే ఉంది. చిక్కంతా అదే. వాడు ఆటో కొని కూలీలను తోటలకు తిప్పుతున్నాడు. బీడీ మానేశాడు. ఆ మంట తనకు మేలే చేసిందంటాడు. వింటే నాకు నిజంగానే సంతోషం వేస్తుంది, వాడి ఇల్లూ పచ్చగా ఉంది, మా ఇల్లూ పచ్చగా ఉంది, ఇంక పాత సంగతి తవ్వడమెందుకులే అనిపిస్తుంది, ఆ అనిపించడమే నన్ను కుదురుగా ఉండనివ్వదు. వాడు చెడిపోయి ఉంటే మాత్రం చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు.

మా తోటకు వచ్చిన ప్రతిసారీ వాడు గట్టు దగ్గరే ఆగుతాడు. చొక్కా జేబు బయటికి లాగి నాకు చూపిస్తాడు. “చూడక్కా, బీడీ లేదు, ఏం లేదు,” అంటాడు. కూలీలంతా నవ్వుతారు. మా తోడికోడలు అందరికంటే ఎక్కువ నవ్వుతుంది. నేనూ నవ్వాను, ఇన్నేళ్లూ.

ఈ పొద్దున మూత తీసుకుని తోటకు వచ్చాను. కవరు ముక్క ఇంకా దానికి అంటుకునే ఉంది. వాడు ఏమంటాడో తెలియదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. మీకు చెప్పాక మాత్రం గుండె కాస్త తేలికపడింది. టీ పెట్టాను. ఆటో చప్పుడు దగ్గరికి వస్తోంది. వాడు జేబు చూపిస్తాడు. నేను మూత చూపిస్తాను.