శేఖర్ ఆరో బాణీ కోసం కడపకు

కర్నూలు నుంచి కడపకు పోవాలంటే ఎవరైనా నంద్యాల మీదుగా బస్సెక్కుతారు. ఆ ఆదివారం నంద్యాలలో ఏదో గొడవ జరిగి బస్సులు ఆపేశారు. అందుకని నేనూ జిలానీ పొద్దున ఆరూ నలభైకి డోన్ పోయే ప్యాసింజరు ఎక్కాం. సాయంత్రం ఆరుకల్లా కడపలో వేదిక మీద ఉండాలి. చనిపోయిన మా స్నేహితుడు శేఖర్ ఒంటరిగా చేసిన ఆరు బాణీలను ఆ సాయంత్రం మేం వాయించాలి.

శేఖర్ మా బ్యాండులో లీడ్ గిటారు. జిలానీ డ్రమ్స్. నేను రెండో గిటారు. కర్నూల్లో రాక్ వాయించే వాళ్లం మేమే. వినేవాళ్లు తక్కువ, చెవులు మూసుకునేవాళ్లు ఎక్కువ. హైదరాబాదులో మొదటిసారి పెద్ద అవకాశం వచ్చిన వారమే శేఖర్ తప్పుకున్నాడు. కడపలో వాళ్ల నాయన బట్టల అంగడికి మనిషి కావాలట. నేను వాడితో మాట్లాడటం మానేశాను. కొన్నాళ్లకు పోస్టులో ఒక సీడీ పంపాడు. అంగడి మేడమీద గదిలో ఒక్కడే వాయించి రికార్డు చేసిన మాటల్లేని బాణీలు. కవరు కూడా చింపకుండా బీరువాలో పడేశాను. రెండేళ్లు అక్కడే ఉంది. పోయిన ఎండాకాలం కామెర్లు వచ్చి శేఖర్ పోయాడు. అప్పుడు చింపాను.

ఎనిమిదింబావుకు డోన్‌లో దిగాం. స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. నాకు సగమే దిగింది. తొమ్మిదిన్నరకు రావాల్సిన కడప బండి జాడ లేదు. పదకొండైంది. పదకొండున్నర. సిమెంటు బెంచీ కాలిపోతోంది. తీగలు వేడికి సాగుతాయని గిటారు పెట్టెను నా నీడలో పెట్టుకుని కూర్చున్నాను.

పన్నెండుకు బండి వచ్చింది. గుత్తి దాటాక గానీ కూర్చోడానికి చోటు దొరకలేదు. ఎదురుగా తాడిపత్రి పోయే ఒక పెద్దాయన నా ఒళ్లోని పెట్టె వంక చూసి, "ఏమప్పా, తుపాకీనా అది?" అన్నాడు. తెరిచి చూపిస్తే, "దీనికా ఇంత భయంగా పట్టుకోనుండావు!" అని నవ్వాడు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆరో బాణీ మళ్లీ విన్నాను. మూడు నిమిషాలు నడిచి, స్వరం పైకెక్కుతున్న చోట వెనక నుంచి ఒక గొంతు: "శేఖరా, కిందికి రా!" అక్కడితో గిటారు ఆగిపోతుంది. దానికి ముగింపు లేదు. నెలరోజులు కూర్చుని నేనొకటి తయారుచేశాను. తీగల మీద వేళ్లు పరుగెత్తే ముగింపు.

"వాడు ఆపిన చోటే మనమూ ఆపల్ల," అన్నాడు జిలానీ. "నీ విద్య చూపిచ్చేదానికా మనం పోతాండేది?"

"పూర్తి చేయమని వాడే అడిగినాడు రా."

"ఎప్పుడు?"

జేబులోంచి చీటీ తీసిచ్చాను. సీడీ కవర్లో దొరికింది. *రఘూ, ఆరోది నా ఒక్కనితో కావడంల్యా. ఒకసారి వచ్చి పోరా.*

జిలానీ చదివి చీటీ తిరిగిచ్చేశాడు. ఎర్రగుంట్ల వచ్చి, నాపరాళ్ల తెల్లటి దుమ్ము కిటికీలోంచి మీద పడేదాకా తొడమీద వేళ్లతో ఆ బాణీ తాళమే వేస్తూ కూర్చున్నాడు.

నాలుగూ పదికి కడప. ఆటోలో మేం వాయించాల్సిన మంటపానికి చేరాం. మాతో కీబోర్డు వాయించే కడప మిత్రుడు దాసు గేటు దగ్గరే ఆపాడు. "శేఖర్ వాళ్ల నాయన వస్తాండాడంట. మంటపం వాళ్ల వర్తక సంఘానిది. ఆయన వద్దన్న్యాడంటే ఇంతే సంగతులు."

ఐదు కావస్తుండగా ఆయన వచ్చాడు. కొడుకు గిటారును ఆ ఇంట్లో ఎవరూ సంగీతంగా లెక్కపెట్టలేదని మాకు తెలుసు. "వాడు చివరగా చేసింది యాదో అది వినిపీండి," అన్నాడు. హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. మూడు నిమిషాలు కళ్లు మూసుకుని విన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు.

"అది నా గొంతే. గిరాకీ వచ్చింటే పిలిచినా." హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనే ఆపినానా దీన్ని?"

ఊరుకుంటే సరిపోయేది. ఆ నింద అంతా ఆయనే మోసేవాడు. చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాను. "మీరు కాదు పెదనాయనా. వాడు నన్ను రమ్మన్నాడు. నేను రాలేదు."

రెండుసార్లు చదివాడు. మడిచి తన జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"అయిపోయినాది," అన్నాడు దాసు. "బీగం వేయమని మనిషిని పంపిస్తాడు సూడు."

ఆరైంది. ఎవరూ బీగం వేయలేదు. ఆయనా రాలేదు. వందమంది దాకా కూర్చున్నారు. రెండో వరసలో శేఖర్ భార్య సుధ. ముందు వరసలో మధ్య కుర్చీ ఖాళీ. మొదలుపెట్టాం. మొదటి బాణీలోనే నేను తాళం తప్పాను. జిలానీ గట్టిగా నాలుగు దెబ్బలు వేసి నన్ను లాక్కొచ్చాడు. మూడోది శేఖర్ గండికోట చూసి వచ్చి చేసింది. అంతా అడుగు తీగ మీదే, చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఇన్నేళ్లూ వాడికంటే వేగంగా వాయించాలనే చూశాను. ఆ నెమ్మదికి ఎంత బలం కావాలో ఆ రోజే నా వేళ్లకు తెలిసింది.

ఐదో బాణీ సగంలో శేఖర్ వాళ్ల నాయన వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

ఆరోది ఎత్తుకున్నాం. ఏం చేస్తానో అప్పటికీ నాకే తెలియదు. స్వరం పైకెక్కే చోటు వచ్చింది. ఆయన ముఖం చూశాను. చెయ్యి ఆగిపోయింది. జిలానీ కర్రలు గాల్లోనే నిలిచిపోయాయి. ఫ్యాన్ల చప్పుడు తప్ప హాల్లో ఏమీ లేదు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "యాలప్పా ఆపినావు? అంగడి మూసేసి వచ్చినా. ఎవురూ పిలవరు. నిదానంగా వాయించు."

నేను తయారుచేసిన ముగింపు వాయించలేదు. శేఖర్ మొదట్లో వాయించిన వరసనే మళ్లీ అందుకుని, మెల్లగా కిందికి దిగనిచ్చాను. దాసు ఒక స్వరం పట్టి ఉంచాడు. చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తులేదు. సుధ కొంగుతో ముఖం కప్పుకోవడం, మామగారు వెనక్కి తిరిగి ఆమె పక్కకు పోయి కూర్చోవడం గుర్తున్నాయి.

ఆ రాత్రి దాసు ఇంట్లో పడుకుని, పొద్దున ఏడింటికి బస్సెక్కాం. దారి తెరిచారు. మైదుకూరులో దిగి బద్వేలు పోవాల్సిన ఒకాయన పక్కన కూర్చుని మాట కలిపాడు.

"కడపలో ఎవురుండారు మీకు?"

"స్నేహితుడు," అన్నాను.

"బాగుండాడా?"

నేను కిటికీ వైపు తిరిగాను. వెనక సీట్లోంచి జిలానీ చెప్పాడు: "నిన్న శానా బాగుండె."

మధ్యాహ్నం పన్నెండుకు కర్నూలు చేరాం. దారిలో ఏ ఇబ్బందీ లేదు. ఐదు గంటలు, అంతే. ఆ రెండేళ్లలో ఏ ఆదివారం పొద్దున బయల్దేరినా, భోజనాల వేళకు శేఖర్ మేడమీద గదిలో ఉండేవాణ్ని.