చెట్టు రుచి తెలిసిన పెద్దమ్మ

పోయిన మంగళవారం పొద్దున డ్యూటీ దిగి, వార్డు బయట నల్లా కింద చేతులు కడుక్కుంటున్నాను. నెక్కొండ దిక్కు నుంచి భర్తను తెచ్చి చేర్పించిన ఒకామె నా ముఖంలోకి తేరిపార చూసి, "నువ్వు మా ఊళ్ళె చేసిన నర్సమ్మవు గాదా?" అని అడిగింది. అవునన్నాను. "కల్లు పెద్దమ్మ పోయింది, ఎరికేనా? దినాలు గూడ అయిపోయినయ్" అని చెప్పి, భర్తకు చాయ్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నల్లా కట్టేయడం మరిచిపోయి నేను అక్కడే నిలబడ్డాను. ఆయా వచ్చి కట్టేసింది.

ఆమె నాకు చుట్టం కాదు. మాది వరంగల్‌లో మగ్గాల ఇల్లు. వాళ్ళది కల్లు గీసే ఇల్లు. ఆమె పోతే నాకు కబురు చేయాలని ఎవరికి గుర్తుంటుంది? దినాలకు పిలవాల్సిన వాళ్ళలో నేను లేను. ఆమె గురించి మాట్లాడుకోవడానికి నాకెవరూ లేరు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

డెబ్బైల నడుమ నన్ను ఆ ఊరికి నర్సుగా వేశారు. నెక్కొండ స్టేషన్‌లో దిగి నాలుగు మైళ్ళు నడవాలి. అప్పటికే నా సంసారం చెడింది. మగ్గం మీద బతుకు లేదని నా భర్త భీవండి మిల్లుల్లో పనికి పోయాడు. మొదట ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడన్న మాట వచ్చింది. నేను ట్రైనింగు చేసి, తెల్లచీర కట్టుకుని, ఒక ట్రంకుపెట్టెతో ఆ ఊళ్ళో దిగాను. అద్దెకు దొరికిన గది వెనకాలే తాటిచెట్లు. వాటి కింద మండువ, అంటే కల్లు పోసే చోటు. పొద్దుగూకితే అక్కడి నుంచి నవ్వులు, గొడవలు, పాటలు వినిపించేవి. నేను తలుపు వేసుకుని కూర్చునేదాన్ని.

వారం తిరగకముందే కడుపులో మంట పట్టుకుంది. రెండు రోజులు ఏమీ తినలేదు. మూడో రోజు తెల్లారుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే ఒక పొడుగాటి ఆడమనిషి, చేతిలో ఇత్తడి చెంబు, నడుముకు బిగించిన కొంగు.

"ఇప్పుడే దింపిన పోద్దాటి చెట్టు కల్లు. దీంట్ల మత్తు లేదు, సల్లగుంటది. తాగు బిడ్డా."

"నేను గవర్నమెంటు నర్సును. కల్లు తాగుతనా?" అన్నాను.

"ఏం, గవర్నమెంటుకు కడుపుండదా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ ఊరికి వచ్చాక నవ్వడం అదే మొదలు. తాగాను. కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉంది, చివర్లో చిన్న పులుపు. సాయంత్రానికి అన్నం తినగలిగాను.

ఆ తర్వాత పొద్దుగూకే వేళ మండువకు పోవడం అలవాటైంది. తాటాకును మడిచి దొప్పలా చేస్తే దాన్ని రేకు అంటారు. రెండు చేతులతో మూతికి పట్టుకుంటే, పెద్దమ్మ కుండ వంచి పోస్తుంది. మొదటిరోజు సగం నా చీర మీదే పోయింది. "చేతులు దగ్గరికి పెట్టాలె బిడ్డా, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. ఎన్ని కాన్పులు చేసినవ్, గది తెల్వదా?" అని అందరి ముందూ అంది. నర్సమ్మ కల్లు తాగుతుందని ఊళ్ళో కొందరు గుసగుసలాడారు. ఆ మాట ఆమె చెవిన పడితే, "తాగుతాంది. మీ పెండ్లాలకు కాన్పు చేసి అలిసిపోయి తాగుతాంది" అనేది. ఇక ఎవరూ మాట్లాడలేదు.

ఆమె భర్తను నేను పెద్దబాపు అనేదాన్ని. పల్చటి మనిషి, మాట తక్కువ. పొద్దున, సాయంత్రం మోకు భుజాన వేసుకుని చెట్లెక్కి లొట్లు, అంటే కల్లు కుండలు, దింపేవాడు. దింపిన ప్రతి లొట్టినీ పెద్దమ్మ ముందు రుచి చూడాలి. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. "ఇది బాయిగడ్డ చెట్టుది. నిన్న మబ్బు వట్టింది, అందుకే జర పల్చగుంది." తొందరగా పులిసిపోయే చెట్టు ఒకటుండేది, దానికి ఆమె పెట్టిన పేరు అత్తమ్మ. ఒకసారి బడిపంతులు పందెం కట్టి ఆమె వెనక్కి తిరిగినప్పుడు లొట్లు మార్చి పెట్టాడు. అన్నిటినీ రుచి చూసి, వాటిని తీసుకెళ్ళి ఏ చెట్టు కింద దాన్ని ఆ చెట్టు కింద పెట్టి వచ్చింది. ఒక్కటి కూడా తప్పలేదు. తాటిచెట్లలో చలికాలం పోద్దాడు, ఎండలకు పరుపుదాడు, వానలు పడంగ పండుదాడు, అన్నింటికన్నా మేలు మార్గశిరంలో ఈత కల్లు అనేది. అవన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఎవరైనా సీసా తెచ్చి ఇంటికి పోయించుకుపోతానంటే మాత్రం ఆమెకు నచ్చేది కాదు. "ఈడ కూసోని నలుగుట్ల తాగు. ఒంటిగ తాగితే అది కల్లు గాదు, ఏడుపు" అనేది. ఆ మాట నా కోసమే అంటోందని నాకనిపించేది.

ఎనభైలు వచ్చాక ఊరి అడ్డరోడ్డు దగ్గర బయటి కాంట్రాక్టరు ఒకడు కల్లు దుకాణం పెట్టాడు. కల్లు లారీలో డ్రమ్ముల్లో వచ్చేది. ఏ చెట్టుదో, ఏ ఊరిదో తెలియదు. అందులో ఏదో తెల్లపొడి కలిపేవాళ్ళు. రెండు గ్లాసులకే మనిషి తూలేవాడు. మెల్లమెల్లగా జనం అటు మళ్ళారు. నెల రెండు నెలలకు నా దగ్గరికి కొత్తరకం రోగులు రావడం మొదలైంది. లారీ రాని రోజున చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు, చెమటలు. ఒక పాలేరుకు మూర్ఛలే వచ్చాయి.

"ఏమైతాంది బిడ్డా వీళ్ళకు?" అని పెద్దమ్మ అడిగింది.

"అది నిద్రమందు, పెద్దమ్మా. ఒంటికి అలవాటైతే లేకుండ ఉండలేరు. తాగినా బతకలేరు."

ఆమె చేతిలో కుండ పక్కన పెట్టింది. "మరి ఆ మాట అందరికి జెప్పు."

"చెప్తే వింటరా?"

"ఇనకున్నా జెప్పు. కాకి అరుస్తలేదా, ఎవలన్న ఇంటాండ్రని అరుస్తదా?"

చెప్పాను. ఎవరూ వినలేదు. మండువ ఖాళీ అయింది. పెద్దబాపు దింపిన కల్లు కుండల్లోనే పులిసిపోయేది. సాయంత్రాలు మేము ముగ్గురమే కూర్చునేవాళ్ళం. పెద్దబాపు ఎవరూ రాని దారి వైపు చూస్తూ ఉండేవాడు. నలభై ఏళ్ళు చెట్టెక్కిన మనిషికి, తన కల్లు ఎవరికీ వద్దు అనడం ఎంత అవమానమో అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఒకసారి పెద్దమ్మకు జ్వరమొచ్చి రెండురోజులు మంచం దిగలేదు. కల్లు పెద్దబాపే పోశాడు. మూడోరోజు ఆమె లేచి మండువకు వస్తే, అక్కడ పాతరోజుల్లాగా జనం. "పెద్దమ్మా, నువ్వు పండుకుంటేనే కల్లు మంచిగుంది" అని ఎవరో ఎగతాళి చేశారు. ఆమె కూడా నవ్వింది. కుండలోంచి ఒక చుక్క తీసి నాలుక మీద వేసుకుంది. నవ్వు ఆగిపోయింది. పెద్దబాపు ముఖంలోకి చూసింది. ఆయన తల దించుకున్నాడు.

ఆమె ఒక్కొక్క కుండా ఎత్తి నేల మీద ఒంపేసింది. జనం అరిచారు. పెద్దబాపు ఆమె రెక్క పట్టుకుని, "నా చెట్టు, నా గీత! నువ్వెవ్వతివే ఒంపుటానికి?" అన్నాడు.

"చెట్టు మీద నీ ఇష్టం. కిందికి దిగినంక పోసేది నా చెయ్యి. నా చేతులకెళ్ళి జనానికి ఆ పొడి ఇసం పోపిస్తవా?"

అన్ని కుండలూ ఒంపాక గానీ ఆగలేదు. తెల్లారి పెద్దబాపు మోకు తీసుకుని కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాడు. ఆయన చెట్ల కల్లు కూడా ఇక ఆ డ్రమ్ముల్లోకే పోయేది.

ఒకే ఇంట్లో ఉంటూ ఎనిమిది నెలలు వాళ్ళు మాట్లాడుకోలేదు. "బిడ్డా, బువ్వ తిన్నడేమో అడుగు" అని ఆమె నన్ను పంపేది. "తిన్నా అని చెప్పు" అనేవాడు ఆయన. సాయంత్రాలు అడ్డరోడ్డు దుకాణంలోనే, ఆ లారీ కల్లే తాగేవాడు. ఆయన చేతులు వణకడం నేను చూశాను. పెద్దమ్మకు చెప్పలేదు. ఆమె మాత్రం చూడలేదా?

ఒకరోజు పొద్దున్నే కేక వినపడింది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా కాలు జారని మనిషి బాయిగడ్డ చెట్టు మీది నుంచి పడ్డాడు. ఎడ్లబండిలో నెక్కొండకు, అక్కడి నుంచి రైల్లో వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాం. రైలు పెట్టెలో ఆయన తల పెద్దమ్మ ఒళ్ళో ఉంది. నడుము కింద ఆయనకు స్పర్శ లేదని నాకు తెలుసు. ఆమె దారి పొడుగునా తిడుతూనే ఉంది. మోకు పాతదైందని చెప్పలేదా అని తిట్టింది, తొర్రూరుకు ఇచ్చిన బిడ్డను చూడ్డానికి పోలేదని తిట్టింది, పెళ్ళినాడు పచ్చడిలో కారం ఎక్కువైందని అలిగినందుకు కూడా తిట్టింది. ఎనిమిది నెలల మాటలన్నీ ఆ రైల్లోనే మాట్లాడింది. ఆయన కళ్ళు తెరుచుకుని వింటూ పడుకున్నాడు. ఒకసారి మాత్రం, "జర మెల్లగ తిట్టవే, అందరు ఇంటాండ్రు" అన్నాడు.

రెండోరోజు పోయాడు.

దవాఖాన మెట్ల మీద కూర్చుని ఆమె నన్ను అడిగింది: "నేను ఆ కుండలు ఒంపకపోతే ఈ ముసలోడు నా మండువల్నే ఉంటుండె గదా బిడ్డా?"

ఆమె పక్కనే ఆ మెట్టు మీద కూర్చున్నాను. ఉండేవాడేమో. ఆ పొడి సంగతి ఆమెకు చెప్పింది నేనే. ఆ ప్రశ్నలో సగం నాది.

దినాలయ్యాక ఆమె ఇంటింటికీ తిరిగింది. నేను మందుల సంచితో వెనకాల. "మా ముసలోన్ని జూసిండ్రు గదా" అనేది, అంతే, ఇంకో మాట లేదు. చివరికి అయిదుగురు మగవాళ్ళు మానేస్తామని వచ్చారు. మూర్ఛలొచ్చిన పాలేరు అందులో ఒకడు. అతన్నీ ఇంకొకతన్నీ నేను వరంగల్ దవాఖానకు పంపాను. మిగతా ముగ్గురు పగలంతా పెద్దమ్మ మండువలోనే ఉండేవాళ్ళు. వణికే చేతులకు గ్లాసు నిలవకపోతే ఆమే గంజి తాగించేది. తిడితే పడేది. ఒకతను పారిపోయి మళ్ళీ లారీ కల్లు తాగాడు. మిగతా నలుగురూ నిలబడ్డారు. అడ్డరోడ్డు దుకాణం మాత్రం నడుస్తూనే ఉంది. ఊరు మారిపోయిందని నేను అబద్ధం చెప్పను. నలుగురు మారారు.

ఆమె మళ్ళీ కల్లు ముట్టలేదు. చెట్లు ఇంకొకరికి గీతకు ఇవ్వలేదు. రోజూ సాయంత్రం మండువకు పోయి నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, కాసేపు కూర్చుని వచ్చేది. మరుసటి ఏడు నాకు వరంగల్ బదిలీ అయింది. వస్తూ పోతూ ఉంటానని చెప్పాను. రెండుసార్లే పోయాను.

రెండోసారి పోయినప్పుడు, ఎన్నడో ఆమె అడిగిందని, హన్మకొండలో ఒక బీరు సీసా కొని పేపరు చుట్టి తీసుకెళ్ళాను. "మావూరి పిలగాండ్లు దీని కోసం నెక్కొండ దాక ఉరుకుతాండ్రు. ఏమున్నదో చూద్దాం" అంది. గ్లాసులో పోస్తే నురగ వైపు చాలాసేపు చూసింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని, అలవాటుగా కళ్ళు మూసుకుంది.

"చేదు మంచిగనే ఉన్నది. చేసినోనికి పని తెలుసు. గని దీనికి చెట్టు లేదు బిడ్డా. నిన్న, ఇయ్యాల, రేపు ఒక్కతీరే ఉంటది. పాపం."

మిగతాది నన్నే తాగమంది. తాగుతుంటే అడిగింది: "వరంగల్‌ల ఎవలతోని కూసుంటవ్ పొద్దుగూకినంక?"

"ఎవ్వరితోని లేదు, పెద్దమ్మా."

"నేను రావాల్నా?"

"రా" అన్నాను. నిజంగానే అన్నాను. గది సర్దాలనుకున్నాను, ఇంకో మంచం చూడాలనుకున్నాను. డ్యూటీలు, అమ్మకు జబ్బు, వానలు. ఆమె మళ్ళీ అడగలేదు, అడిగే మనిషి కాదు. నేను తీసుకురాలేదు.

మొన్న ఆదివారం పోయాను. తొర్రూరు నుంచి కూతురు వచ్చి అన్నీ చేసి, తాళం వేసి వెళ్ళిందట. అప్పుడు మానేసిన నలుగురిలో ఒకతను పొలం నుంచి పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. చివరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా, "ఇయ్యాల గాలి తూర్పుది, ఈత మంచిగ ఊరుతది" అని చెప్పేదట. అతన్ని పనికి పొమ్మని, నేను వెనకవైపు వెళ్ళాను.

ఎక్కి కమ్మలు కొట్టే మనిషి లేక చెట్లు గుబురుగా పెరిగిపోయాయి. ఎండిన మట్టలు కిందికి వేలాడుతున్నాయి. వాటి కొసలకు గిజిగాడి గూళ్ళు, లెక్కలేనన్ని. వానాకాలంలో కట్టుకుని, పిల్లల్ని లేపుకుని వదిలిపోయినవి. గాలి వచ్చినప్పుడల్లా అన్నీ ఒకే దిక్కుకు వంగి, మళ్ళీ నిటారుగా వేలాడుతున్నాయి. ఒక్క పిట్ట లేదు. రైలు వేళయ్యే దాకా వాటి కింద కూర్చున్నాను.