మూడో అంతస్తు చొక్కా

ఆ భవనంలో ఎవరికీ ఆమె పేరు తెలియదు. ఇస్త్రీ అక్క అంటే మాత్రం చిన్నా పెద్దా అందరికీ తెలుసు. మెట్ల కింద మిగిలిన జాగాలో ఆమె కొట్టు. ఒక బల్ల, దాని మీద మడత పెట్టిన పాత దుప్పటి, బరువైన ఇస్త్రీపెట్టె, నీళ్ళు చిలకరించుకునే చెంబు, గోడవారగా బట్టల మూటలు. కొట్టు వెనక ఒక్కటే గది. అందులో ఆమె, ఆమె మొగుడు. పిల్లల్లేరు.

చదువు రాదు కాబట్టి ఏ బట్ట ఎవరిదో తెలియడానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్త చొక్కా ఏదైనా మొదటిసారి చేతికి రాగానే కాలరు లోపల, మెడ తగిలే చోట, రంగు దారంతో చిన్న కుట్టు వేసేది. అంతస్తుకి ఒక్కటే ఇల్లు. మొదటి అంతస్తుకి ఎరుపు, రెండోదానికి పసుపు, మూడోదానికి ఆకుపచ్చ. ఇస్త్రీ అవగానే కాలరు తిరగేసి, దారం చూసి, ఆ ఇంటి మూటలో పెట్టేయడమే. ఇన్నేళ్ళలో ఒకరి చేతిరుమాలు కూడా ఇంకొకరింటికి పోలేదు. "కళ్ళు మూసుకుని చేస్తాను. నా చేతులకే కళ్ళున్నాయి," అనేది.

చేతులకి కళ్ళుంటే, నోటికి పదునుండేది. ఎవరి ఒంటి మీద ఏ బట్ట కనబడినా అది ఏ ఇంట్లోంచి దిగిందో ఇట్టే పట్టేసేది. ఒకసారి మెట్లు తుడిచే మనిషి మంచి ఉన్ని స్వెట్టరు వేసుకొచ్చింది.

"ఏమే, రెండో అంతస్తు ముసలమ్మగారు నీ వీపెక్కి తిరుగుతున్నారేంటే?" అనేసింది ఇస్త్రీ అక్క నలుగురిలో.

అందరూ నవ్వారు. తుడిచే మనిషి కూడా నవ్వింది. మర్నాటి నుంచి ఆ స్వెట్టరు మాత్రం వేసుకురాలేదు. చలికి ముడుచుకుపోయి మెట్లు తుడిచేది. ఇస్త్రీ అక్క అది గమనించలేదు. గమనించడానికి ఆమెకేం తక్కువని? ఆమె మొగుడు ఎప్పుడూ కొత్త బట్టే తొడిగేవాడు, అదీ గీత చెదరని ఇస్త్రీతో.

ఆయన బస్సు కండక్టరు. భారీ మనిషి. తలుపు దగ్గర ఆయన నిలబడ్డాడంటే టికెట్టు కొనకుండా దిగడం ఎవరి తరమూ కాదు, దిగడానికి దారే ఉండేది కాదు. డిపోలో అందరూ ఆయన్ని 'తలుపు' అనే పిలిచేవారు. "కండక్టర్నీ నేనే, తలుపునీ నేనే. జీతం మాత్రం ఒకటే ఇస్తారు," అని నవ్వేవాడు. ఆ నవ్వుకి పొట్ట మీద గుండీలు కదిలేవి.

అలాంటి మనిషికి కడుపులో ఏదో మొదలైంది. మొదట తిండి సయించలేదు. తర్వాత నీళ్ళు కూడా గుటక వేయడమే గగనమైంది. పెద్దాసుపత్రి డాక్టరు కాగితాల వైపే చూస్తూ మాట్లాడాడు. మొహంలోకి చూడని డాక్టరు ఏం చెబుతున్నాడో చదువు రానివాళ్ళకి కూడా అర్థమవుతుంది. ఇంటికి తిరిగొచ్చేశారు. మనిషి నానిన సబ్బుబిళ్ళలా రోజుకింత అరిగిపోసాగాడు.

మొదట్లో ఆయన బట్టలు వీధి మలుపులో ఉండే దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళేది. ప్యాంట్లు ఒకసారి లోపలికి పట్టి కుట్టాడు. మళ్ళీ పట్టి కుట్టాడు. ఆ తర్వాత తీసుకెళితే మెడలోంచి టేపు కూడా తీయలేదు.

"ఇంక నావల్ల కాదు వదినా. ఇంకా లోపలికి పట్టానంటే రెండు జేబులూ వెనకాల కలుసుకుంటాయి. అన్నయ్య చిల్లర ఈ జేబులో వేస్తే ఆ జేబులో తేలుతుంది."

"చొక్కాలన్నా చూడు తమ్ముడూ."

"నడుం దగ్గరైతే పట్టి కుడతాను గానీ భుజం ఎక్కడ పట్టను? భుజం మనిషికి ఉండాలి కదా." 

అనేసి, అన్నందుకు నాలిక కరుచుకున్నాడు. అటు తిరిగి లేని దారాన్ని సూదిలోకి ఎక్కిస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు. ఆమె చొక్కాలు మళ్ళీ మడిచి సంచీలో పెట్టుకుని వచ్చేసింది. కొత్తవి కుట్టించే మాట ఎత్తడానికే లేదు. ఇంట్లో ఉన్నదంతా మందులే మింగేస్తున్నాయి. పైగా ఇవాళ కొత్తది కుట్టించినా నాలుగు రోజులు పోతే అదీ వదులే.

అప్పుడే డిపో నుంచి కబురొచ్చింది. ఆయన బస్సు నడిపిన డ్రైవరూ, ఇంకో కండక్టరూ ఆదివారం చూడ్డానికి వస్తున్నారని. ఆ మాట వినగానే ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"రావద్దని చెప్పు."

"అదేంటి? అన్నేళ్ళు ఒకే బస్సులో తిరిగారు."

"అందుకే వద్దంటున్నా. చొక్కా కనబడుతోంది, లోపల మనిషేడీ అని వెతుక్కుంటారు. పోయాక ఎలాగూ వస్తారు. అప్పుడు తీరిగ్గా చూసుకుంటారులే."

"అవేం మాటలు? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు."

"నా నోరు మంచిదేనే. చొక్కాయే బాగోలేదు."

కానీ ఆ డ్రైవరు గొంతు వినాలని ఆయనకెంత ఉందో ఆమెకు తెలుసు. వీధిలో బస్సు ఆగిన చప్పుడైతే చాలు, దిండు మీంచి తల లేపి చూసేవాడు. ఆరునూరైనా సరే, ఈ మనిషిని ఆదివారం వాళ్ళ ముందు కూర్చోబెట్టాలనుకుంది.

"నీ ఒంటికి సరిపోయే చొక్కా నేను తెస్తాను. వాళ్ళని రానీ," అంది.

ఆయన సరేననలేదు. వద్దనీ అనలేదు.

పాత బట్టల బజారు దగ్గర్లోనే ఒకటుంది. అక్కడైతే తెలిసిన మొహాలు తగులుతాయని ఊరికి ఆ చివర వారానికోసారి పెట్టే బజారు చూసుకుని, బస్సు మారి మరీ వెళ్ళింది. దిగకముందే శాలువా తల మీదుగా లాక్కుని సగం మొహం కప్పేసుకుంది. దొంగతనానికి వెళ్ళేవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరు.

రోడ్డు పొడుగునా పరిచిన పట్టాల మీద బట్టల కుప్పలు. ఎంత ఉతికినా పోని, ఒకరింటి బీరువా వాసన. ఆ వాసన ఆమెకు కొత్త కాదు, రోజూ ముక్కుకి తగిలేదే. జనం వంగి రెండు చేతులా కుప్పలు తిరగేస్తున్నారు. ఆమె మాత్రం వంగలేకపోయింది. వంగితే వెనకనుంచి ఎవరో, "ఏమే, ఫలానావాళ్ళాయన నీ చేతిలో ఏం చేస్తున్నాడే?" అని అరుస్తారనిపించింది. అలా అరిచే గొంతు ఎవరిదో కూడా ఆమెకు తెలుసు. తనదే.

కాళ్ళ దగ్గరున్న కుప్ప పైనుంచి సన్న చారల నీలం చొక్కా ఒకటి లాగింది. మడత మీదే భుజాలు జానలతో కొలిచింది. సరిపోతుంది. విప్పి చూడలేదు, బేరమాడలేదు. బేరమాడని మనిషిని చూసి అమ్మేవాడే కంగారుపడ్డాడు.

"సంచీ కావాలా అక్కా?"

సంచీ తనే తెచ్చుకుంది. ఆ సంచీని దాచడానికి ఇంకో సంచీ కూడా.

ఇంటికొచ్చి, వెనకవైపు పంపు దగ్గర మసకచీకట్లో వేడినీళ్ళు పోసి ఉతికింది. బయట ఆరేయకుండా గదిలోనే తీగ కట్టి ఆరేసింది. ఊరందరి బట్టలూ ఆమడ దూరంలో గుర్తుపట్టే మనిషి, తను కొన్న చొక్కాని మాత్రం ఒక్కసారి కన్నెత్తి చూడలేదు. ఒక్కసారి తిన్నగా చూసి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

శనివారం మూటలన్నీ ఒక్కసారే పడ్డాయి. లోపల ఆయన ఆగకుండా దగ్గుతున్నాడు. చేతులు బల్ల దగ్గర, మనసు మంచం దగ్గర. ఒక్కో బట్టా తీస్తోంది, చేస్తోంది, మడుస్తోంది. ఆరిన నీలం చొక్కా కూడా అందులోనే తీసింది. కాలరు, భుజాలు, చేతులు, వీపు. కాలరు తిరగేసింది. లోపల ఆకుపచ్చ దారం ఉంది. ఎప్పుడో తను వేసిన కుట్టే. చెయ్యి దాన్ని తీసుకెళ్ళి మూడో అంతస్తు మూటలో పెట్టేసింది. మధ్యాహ్నానికి మూట పైకి వెళ్ళిపోయింది.

సాయంత్రం చొక్కా కోసం చూస్తే లేదు. తీగ మీద లేదు, మంచం కింద లేదు, దులిపిన దుప్పటి మళ్ళీ దులిపింది. అప్పుడు ఆకుపచ్చ దారం కళ్ళ ముందు మెదిలింది.

ఆమె కొట్టులోకి వచ్చేసరికి మూడో అంతస్తు మేడమ్ చొక్కా పట్టుకుని మెట్లు దిగుతోంది. రెండో అంతస్తు ముసలమ్మగారు మెట్ల పక్కన కుర్చీలో గాలికి కూర్చుని ఉన్నారు. తుడిచే మనిషి చీపురు గోడకి ఆనించి నిలబడింది.

"ఇస్త్రీ అక్కా, ఇదేం వింత? ఇది మావాడి పాత చొక్కా. ఎప్పుడో పాత బట్టలవాడికి ఇచ్చేశాం. ఇవాళ మూటలో మళ్ళీ వచ్చింది!"

ముసలమ్మగారు పకపకా నవ్వారు. "మీ మీద బెంగ పెట్టుకుందేమోనమ్మా. ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసింది."

"వచ్చి ఏం లాభమండీ? మావాడికి ఇప్పుడు చెయ్యి కూడా దూరదు." మేడమ్ కూడా నవ్వుతూ తుడిచే మనిషి వైపు తిరిగింది. "ఇదిగో, నువ్వు తీసుకుపో. మీవాళ్ళెవరికైనా పనికొస్తుంది."

తుడిచే మనిషి తడిచేతులు తుడుచుకుని చొక్కా అందుకుంది.

ఊరుకుంటే సరిపోయేది. ఎలా వచ్చిందో నాకేం తెలుసమ్మా అంటే ఎవరూ గుచ్చి గుచ్చి అడిగేవారు కాదు. పరువు నిలబడేది. కానీ తెల్లారితే ఆదివారం. గదిలో దగ్గు ఆగిపోయింది. ఆయన వింటున్నాడు.

"అది నాది," అంది ఇస్త్రీ అక్క.

"నీదా?"

"పాత బట్టల బజార్లో కొన్నాను. మా ఆయనకి. దారం చూసి పొరపాటున మీ మూటలో పెట్టేశాను."

గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి. ముసలమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మేడమ్ మొహం కందిపోయింది.

"అయ్యో, ఒక్క మాట చెప్పి ఉంటే ఊరికే ఇచ్చేదాన్ని కదా. కొనడమెందుకు?"

మంచి మనసుతోనే అంది. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మేడమ్ పైకి వెళ్ళిపోయింది. ముసలమ్మగారూ కుర్చీ మడుచుకుని లేచారు. తుడిచే మనిషి మిగిలింది. ఇప్పుడు ఒక మాట విసరడానికి ఆమెకు ఎంత హక్కుందో ఇద్దరికీ తెలుసు. ఆమె చొక్కాని మడత చెడకుండా బల్ల మీద పెట్టింది.

"ఆ బజారుకి పొద్దున్నే పోవాలక్కా, మూటలు విప్పే వేళకి. ఎండెక్కాక పోతే అందరూ ఏరి పారేసినవే మిగులుతాయి."

"ఆ స్వెట్టరు..." అనబోయింది ఇస్త్రీ అక్క.

"అదెప్పుడో పోయిందిలే," అని తుడిచే మనిషి చీపురు తీసుకుని మెట్లెక్కింది.

గదిలోకి వెళ్ళేసరికి ఆయన లేచి కూర్చుని ఉన్నాడు.

"ఏదీ, ఇలా తే."

"విన్నావా?"

"బస్సు మోతకి చెవులు పోయాయి గానీ, మరీ అంత కాదు."

చేతులు తొడిగింది. గుండీలు పెట్టింది. భుజాలు భుజాల మీదే కూర్చున్నాయి.

"ఎవరిదన్నావ్?"

"మూడో అంతస్తు అబ్బాయిది. కాలేజీలో చేరకముందుది."

ఆయన తలవంచి తనను తాను చాలాసేపు చూసుకున్నాడు. "మన పెళ్ళినాడు కూడా నాకింత చిన్న చొక్కా పట్టలేదే. చూసుకో, నీకు కుర్ర మొగుడు దొరికాడు."

ఆమెకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వలేదు.

ఆదివారం వీపు వెనక దిండ్లు పెట్టి, నడుం దాకా దుప్పటి కప్పి కుర్చీలో కూర్చోబెట్టింది. డ్రైవరు గుమ్మంలోకి వస్తూనే పాత అలవాటు కొద్దీ "ఏరా తలుపూ!" అని కేకేశాడు. కేకేశాక కుర్చీలో మనిషిని చూశాడు. తర్వాత గబగబా మాట్లాడ్డం మొదలెట్టాడు. కొత్త బస్సుల గురించి, వాటి బ్రేకుల గురించి, డిపోకి వచ్చిన కొత్త ఆఫీసరు గురించి. ఇంజను పక్కన కూర్చున్నవాడిలా అంత చిన్న గదిలో గొంతు చించుకున్నాడు. రెండో ఆయన టీ గ్లాసు పట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. తాగనూ లేదు.

లేవబోతూ డ్రైవరు, "చొక్కా బాగుందిరోయ్. రంగు భలే నప్పింది," అన్నాడు. గుమ్మం దాటాక ఆమెతో, "మళ్ళీ వస్తాం చెల్లెమ్మా," అన్నాడు. మళ్ళీ రాలేదు.

వాళ్ళ అడుగుల చప్పుడు వినబడనంత దూరం పోయాక ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"చొక్కా బాగుందన్నాడు, విన్నావా? నువ్వు బాగున్నావురా అనలేదు. వాడికి అబద్ధం చేతకాదు."

"రావద్దనే చెప్పాల్సింది. నాదే తప్పు."

"కాదులే. వాడి గొంతు విన్నాను." దిండు మీదికి వాలి, "గుండీలు విప్పు. అలసటగా ఉంది," అన్నాడు.

కొన్నాళ్ళకే ఆ చొక్కా కూడా వదులైంది. ఇస్త్రీ అక్క ఇప్పుడు దగ్గరి బజారుకే వెళుతోంది, పొద్దున్నే, మూటలు విప్పే వేళకి. ఒక్కోసారి తుడిచే మనిషి కూడా తోడొస్తుంది. శాలువా భుజం మీదే ఉంటుంది. భవనంలోవాళ్ళు ఎదురైతే తనే ముందు పలకరిస్తుంది. ఒకసారి దర్జీ కనబడి, "ఏంటొదినా, ఇక్కడా?" అంటే, "నువ్వు కుట్టనంటే ఇంకెక్కడికి పోను?" అంది. సిగ్గు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. పోయిందన్న సంతోషమూ లేదు. ఇంట్లో ఒక్కొక్కటే పోతున్నాయి, వాటితో పాటు అదీ పోయింది, అంతే.

మొన్నామధ్య బజార్లో కొత్తగా కుప్ప పెట్టుకున్న ఒక మనిషి, మంచి మాటకారి, ఆమె ఏరుకున్న చొక్కాని చేతిలోంచి తీసేసుకుంది.

"ఇది చిన్నపిల్లల సైజమ్మా. ఎవరికి, మీ అబ్బాయికా?"

ఇస్త్రీ అక్క చొక్కా కోసం చెయ్యి చాపింది.

"ఎదిగే వయసు తల్లీ. ఇవాళ సరిపోయింది కదా అని కొంటే పండగ తిరక్కుండా పొట్టయిపోతుంది. నా మాట విని ఒక సైజు పెద్దది తీసుకో. ఒళ్ళు చేసినా పడుతుంది."

చెబుతూనే కుప్పలో వెతికి, కాస్త పెద్ద చొక్కా ఒకటి దులిపి ఆమె చేతుల్లో పెట్టింది. గట్టి గుడ్డ. ఎక్కడా చిరుగు లేదు, గుండీలన్నీ ఉన్నాయి. ఇస్త్రీ అక్క దాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. మడత సరిచేసి కుప్ప మీద పెట్టేసింది.

"వద్దమ్మా," అంది. "ఇంకొంచెం చిన్నది ఉంటే చూడు."