చెరువులన్నిటికీ ఒకే తాళంచెవి

తడిసిన గోనెసంచిలాంటి బరువొకటి ఏళ్లుగా గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందు నా గొప్ప వినండి. కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువులన్నిటికీ కంటికి కనపడని తాళాలు వేసిన లెక్కల మాస్టారిని నేనే. నా గూఢలిపిని విప్పబోయి ఢిల్లీ పెద్దలు తలలు గోక్కుని, కొరమేను పులుసు తిని వెళ్లిపోయారు.

ఇందులో పులుసు ఒక్కటే నిజం. తిన్నది నేను. చెరువులు పెదపాడు దగ్గర నాలుగైదు. తాళాలు వేసింది మా కాలేజీలో నా కింద పనిచేసిన సరళ.

చెరువుకీ రైతు ఫోనుకీ మధ్య కబుర్లు మోసే, గట్టు మీది చిన్న పెట్టె బ్యాటరీతో నడవాలి. ప్రతి కబురుకీ పెద్ద తాళం వేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. అందుకని నీటిలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే కబురుకి చిన్న తాళం వేసింది. ఎవరు చదివినా నష్టం లేదు. నీటికి గాలి ఎక్కించే ఏరేటర్లను ఆడించే, ఆపే ఆజ్ఞలకి మాత్రం పెద్ద తాళం, ఏ చెరువు తాళంచెవి ఆ చెరువుదే. పెట్టెలన్నీ ఒకే గాలిలో మాట్లాడుకుంటాయి కదా, ఏ ఆజ్ఞ ఎవరిదో తేల్చేది ఆ చెవే.

పెద్ద తాళం విప్పుకోవడానికి పెట్టెకి కాస్త సమయం పట్టేది. మా పెట్టెని చూడవచ్చిన అతిథుల ముందు నేను మీట నొక్కితే ఏరేటరు వెంటనే తిరగలేదు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుకే నేను ఆజ్ఞలను కూడా చిన్న తాళం కిందికి దించేశాను. దానికి చెరువులన్నిటికీ ఒకటే చెవి. మళ్లీ చూపించినప్పుడు నొక్కగానే తిరిగింది. చప్పట్లు నాకే.

ఒక ముసురు రోజు, పక్క చెరువువాళ్లు వల లాగడానికి తమ ఏరేటర్లు ఆపారు. మా పెట్టె పెట్టించుకున్న రైతు సుబ్బరాజుగారి చెరువులోనూ ఆగిపోయాయి. ఆయన మనవడి పుట్టువెంట్రుకలకని ద్వారకా తిరుమల వెళ్లి, ఫోను కౌంటర్లో ఇచ్చి, దర్శనం క్యూలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి చచ్చిన చేపలు చెరువంతా తెల్లగా తేలి ఉన్నాయి.

ఆయన అరవలేదు. "ఏవండీ మాస్టారూ, మీ పెట్టెని నమ్ముకునే కదండీ కొండెక్కాను. ఎవరి పనండీ ఇది?"

సరళ నా వైపు చూసింది. నేను చెబుతాననుకుందా? చెప్పనని అప్పటికే తెలుసా?

"తాళాల లెక్క ఈ అమ్మాయిదేనండీ," అన్నాను.

అందులో అబద్ధమేముంది? ఇన్నాళ్లూ ఇలాగే నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఒక్క అబద్ధం ఆడకుండానే మనిషిని ముంచవచ్చని, జీవితమంతా లెక్కలు చెప్పినవాడికి ఒకరు నేర్పాలా? ఆమె నిజం చెప్పింది. కాలేజీవాళ్లు నా నెరిసిన తలనే నమ్మారు. ఆమె ఉద్యోగం పోయింది. నేను శాలువాలతో రిటైరయ్యాను.

మొన్న ఇదంతా కాగితం మీద పెట్టి, తాడేపల్లిగూడెంలో ట్యూషన్లు చెప్పుకుంటున్న ఆమె దగ్గరికి పట్టుకెళ్లాను. క్షమిస్తుందని కాదు. ఆమె చేతికిచ్చాక ఊపిరి మాత్రం కాస్త సులువుగా ఆడింది. 'ఇలా అవుతుందని నాకప్పుడు తెలియదు' అని చివర ఒక వాక్యం రాసుకున్నాను. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"ఇది కొట్టేయండి మాస్టారూ. ఒకరు ఆపితే అందరివీ ఆగిపోతాయని, మీరు మార్చిన రోజే చెప్పానండీ. 'అంతదాకా వస్తే నీ పేరు చెబుతాలే' అని నవ్వారు మీరు."