పదకొండో ఎపిసోడ్ నేను రాశాను

నా చేతిలో చెడినవి చాలా ఉన్నాయి. రెండు ప్రిలిమ్స్, ఒక ప్రెషర్ కుక్కర్, మా హాస్టల్ ఆంటీ ఆరోగ్యం. అవన్నీ పోనివ్వండి. ఒక పెళ్లి కూడా చెడగొట్టాను, అదీ నేను చూడని డ్రామా కథ చెప్పి. నవ్వించడానికే రాస్తున్నాను కాబట్టి మొహమాటపడకుండా నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది.

అప్పట్లో అశోక్‌నగర్ హాస్టల్లో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. తెనాలి నుంచి దిగిన నేను, నల్గొండ రజిత, జగిత్యాల పద్మక్క. ముగ్గురిదీ గ్రూప్స్ చదువే. పద్మక్కకి ముప్పై దాటాయి, రాయడం నాలుగోసారి. ఆ గదిలోకి ఎండ వచ్చేది కాదు, బయట నోటిఫికేషన్ వచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక కొరియా టీవీ ప్రేమకథ సంగతి తెలిసింది. అందులో హీరోయిన్ కూడా ఇరుకు గదిలో పడి సర్కారు ఉద్యోగానికి చదువుతుంటుంది!

"ఓయమ్మా, కొరియాల గూడ ఒక అశోక్‌నగర్ ఉన్నదానే!" అంది రజిత.

ఇంకేముంది, ముగ్గురికీ పిచ్చి పట్టింది. తీరా ఫోన్లో నొక్కితే, మీ ప్రాంతంలో అందుబాటులో లేదని వచ్చింది.

అక్కడ మేల్కొంది నా తెలివి. విదేశీ అభిమానులు ఆ డ్రామా గురించి మాట్లాడుకునే గ్రూపు ఒకటి నెట్‌లో దొరికింది. ఫిలిప్పీన్స్ ఆవిడ, బ్రెజిల్ పిల్ల, మలేషియా టీచరమ్మ. వాళ్లు రాసింది చదివి, సాయంత్రం నారాయణగూడ చాయ్ బండి దగ్గర మావాళ్లకి కథ చెప్పేదాన్ని. చదివిందంతా చూసినట్టే చెప్పేదాన్ని. హీరోయిన్ గొడుగు రంగు కూడా చెప్పానంటే నమ్మండి.

"నువ్వు జెప్తుంటే కండ్ల ముందట్నే కనవడ్తదే," అనేది పద్మక్క. మనిషి చెడిపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

పదో ఎపిసోడ్ చివర హీరోకి ఎక్కడో దీవిలో ఉద్యోగం వస్తుంది. 'పెళ్లి చేసుకుందాం, నాతో వచ్చెయ్, అక్కడే చదువుకో' అంటాడు. ఆమె నోరు తెరిచేలోపు ఎపిసోడ్ అయిపోతుంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి, అప్పటికి నాకు తెలియనిది. పద్మక్కకి రీడింగ్ రూంలో సురేష్ అని ఒకాయన పరిచయం. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ఆయనకి ఆదిలాబాద్‌లో టీచర్ ఉద్యోగం వచ్చింది. "ఇంట్ల సంబంధాలు చూస్తున్రు. ఆదివారం లోపల అవునో కాదో చెప్పు," అని వెళ్లిపోయాడు. అక్క నాలుగు రోజులుగా అన్నం కెలుకుతూ కూర్చుంటోంది. మెస్ కూర బాగాలేకనేమో అనుకున్నాం మేము.

శనివారం గ్రూపు తెరిచాను. కథ లేదు! అందరూ కొట్టుకు చస్తున్నారు. మా దేశంలో పదకొండోది ఇంకా రాలేదని ఒకరు, మీకు సబ్‌టైటిల్స్ అయినా ఉన్నాయి కదా అని ఇంకొకరు, యూరప్ వాళ్లం ఏం పాపం చేశామని వేరొకరు. ఎంత కిందికి జరిపినా హీరోయిన్ ఏమందో ఒక్కరూ రాయలేదు. చూసిన మహానుభావులు అందులో లేరు మరి.

చాయ్ వచ్చింది. పద్మక్క గ్లాసు ముట్టుకోలేదు.

"ఏమన్నదే ఆ పిల్ల?"

తెలీదు అంటే ఏం పోయేది? నా గొప్ప పోయేది!

"వద్దందక్కా," అన్నాను.

"వద్దన్నదా? ఎందుకు?"

"ఉద్యోగం వచ్చాకే పెళ్లంది. నిజంగా ప్రేమిస్తే ఆగుతావంది."

"మరి ఆగిండా?"

"ఆగక ఎక్కడికి పోతాడక్కా? హీరో కదా!"

అక్క గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "కరెక్టే చెప్పింది తియ్యి," అంది. ఆ పూట అన్నం కూడా తింది. నేనేమో కథను ఇంకో నాలుగు ఎపిసోడ్లు లాగొచ్చని మురిసిపోయాను.

ఆదివారం అక్క సురేష్‌కి ఆ మాటే చెప్పిందట, ఇంచుమించు నా డైలాగుతోనే. సురేష్ హీరో కాదు, టీచరు. రెండు నెలలు తిరక్కుండా నిజామాబాద్ అమ్మాయిని చేసుకున్నాడు.

ఆ తర్వాత తీరిగ్గా మన దేశానికి వచ్చింది డ్రామా. చిక్కడపల్లిలో రజిత వాళ్ల పిన్ని ఇంట్లో పెద్ద టీవీ ముందు కూర్చోబెట్టారు నన్ను. కడుపునొప్పి అన్నాను, జ్వరం అన్నాను. ఎవరూ వినలేదు. పదకొండో ఎపిసోడ్ మొదలైంది. హీరోయిన్ పుస్తకం మూసి, 'వస్తాను' అంది. అంతే! రెండు నిమిషాల్లో ఓడ ఎక్కేసింది. ఆ దీవిలోనే కూర్చుని చదివి ఉద్యోగం కూడా కొట్టింది, దిక్కుమాలింది.

"ఇదేందే? వద్దన్నదంటివి గదా?" అని అరిచింది రజిత.

"నువ్వే అల్లినవా?" అని అడిగింది పద్మక్క. తలూపాను. అప్పుడు చెప్పింది సురేష్ సంగతి, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. నాకు ఏడుపు ఆగలేదు.

"నన్ను తిట్టక్కా."

"తిట్టుడెందుకే? వద్దన్నది నేను గదా." మళ్లీ తనే అంది, "గది గాదు గనీ, నీ కథల ఆఖరికి ఇద్దరు కలుస్తరా?"

"కలుస్తారక్కా!"

"ఎట్ల?"

అక్క నిజంగానే అడిగింది. నేను అంతవరకు ఆలోచించలేదు.

అందుకే పాలిటీ పుస్తకం మీద చెయ్యి వేసి చెబుతున్నాను. లావణ్య అనే నేను, చూడని కథను చూసినట్టు చెప్పనని, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటానని, 'తర్వాత ఏమైంది' అని ఏ అక్కైనా అడిగితే కథ పక్కనపెట్టి 'నీకేమైందక్కా' అని ముందు అడుగుతానని అంతఃకరణ శుద్ధితో ప్రమాణం చేస్తున్నాను.