బంగారు రంగు నూనె

చిత్తూరులో బెల్లం మండీ నడిపే మిత్రుడొకాయన కొత్త కారు కొనుక్కుని, పాతది నాకు అంటగట్టాడు. అంటగట్టాడని ఇప్పుడంటున్నాను గానీ, అప్పట్లో నేనే ఆయన వెంటపడి మరీ తెచ్చుకున్నాను. డెబ్బైల చివరి సంవత్సరాలవి. తిరుపతిలో మా వీధి మొత్తానికి అదొక్కటే కారు. రైల్వే స్టేషనుకు దగ్గరలో నాకు స్టీలు పాత్రల కొట్టుండేది. ఇంటినుంచి కొట్టుకు నడిచి వెళితే నోట్లో వేసుకున్న తమలపాకు కూడా పూర్తిగా నలగదు. అయినా కారులోనే వెళ్ళేవాణ్ణి. కొట్టు ముందు నిలపడానికి చోటు దొరక్క, దాన్ని మళ్ళీ ఇంటి దగ్గరే వదిలేసి నడిచి వచ్చిన రోజులూ ఉన్నాయి.

కారు నడపడం వచ్చింది కాబట్టి కారు గురించి అంతా తెలుసనుకోవడం ఆ రోజుల్లో నాకున్న జబ్బు. దానికి తోడు, సరుకు కోసం మద్రాసు వెళ్ళినప్పుడు ఒక స్పానర్ల పెట్టె కొనుక్కొచ్చాను. ఎర్ర మఖమల్ గుడ్డ మీద చిన్నదాని పక్కన కొంచెం పెద్దది, దాని పక్కన ఇంకొంచెం పెద్దది, పసిపిల్లల్లాగా పడుకోబెట్టి ఉండేవి. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికి రాగానే వాటిని తీసి, తుడిచి, మళ్ళీ పడుకోబెట్టేవాణ్ణి. తుడవడం తప్ప వాటితో వేరే పని నాకు దొరకలేదు.

ఆ పని ఒక ఆదివారం దొరికింది. మరునాడు నాయుడుపేటలో నా భార్య వాళ్ళక్క కూతురికి చెవులు కుట్టే వేడుక. కారులోనే వస్తామని నేను ముందుగానే కబురు పంపించాను, అడగకపోయినా. ఇంజన్ ఆయిల్ మార్చి ఏడాదైంది, అంత దూరం వెళ్ళేముందు మార్చాలని ఎవరో అన్నారు. ఎప్పుడూ వెళ్ళే మెకానిక్ ఊళ్ళో లేడు. "ఆయిల్ మార్చడానికి మెకానిక్ ఎందుకు? కింద నట్టు విప్పితే పాతది పోతుంది, పైన మూత తీసి పోస్తే కొత్తది చేరుతుంది," అన్నాను నా భార్యతో.

"అంత సులభమయితే వాళ్ళందరూ ఆ పని చేసి బతుకుతాండారేల?" అందామె.

నేను వినిపించుకోలేదు. పైగా నాకు తోడు కూడా ఒకడున్నాడు. మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, మాతో కలిసి నాయుడుపేటకు రావడానికి ముందురోజే చిత్తూరు నుంచి దిగాడు. అక్కడ పంపుసెట్లు అమ్మే అంగడి అతనిది. అతని దృష్టిలో లోకంలో ఉన్న యంత్రాలన్నీ పంపుసెట్లే. కొన్నింటికి చక్రాలుంటాయి, అంతే తేడా.

"మోటారంటే మోటారే బావా. దాన్ని సూసి బయపడితే అదీ మనల్ని సూసి బెదిరిస్తాది," అని ధైర్యం చెప్పాడు.

ఇడ్లీలు తిని పనికి దిగాం. ముందు చక్రాలను రెండు వెడల్పాటి బండరాళ్ళ మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాం. పాత లుంగీ కట్టుకుని, గోనె సంచి పరుచుకుని, వెల్లకిలా కారు కిందికి దూరాను. అంతవరకు నేను కారును పైనుంచే చూశాను. కిందినుంచి చూసేసరికి అది వేరే ఎవరిదో కారులా అనిపించింది. గొట్టాలు, కడ్డీలు, ఎక్కడ చూసినా నట్లు. ఒకటే నట్టుంటుందని, దాని మీద ఏదైనా రాసి ఉంటుందని నేను అనుకున్నాను.

"కనపడిందా బావా?" అని బయటినుంచి అడిగాడు.

"చాలా కనపడుతున్నాయి," అన్నాను.

"అన్నిటికంటే కింద ఉండేది యాడుందో సూడు. నీళ్ళయినా నూనైనా కిందికే గదా దిగేది."

కిందుగా ఉన్నవి రెండు కనిపించాయి. ముందువైపు ఉన్నదాని చుట్టూ మట్టి, జిడ్డు కలిసి పెచ్చు కట్టి ఉంది. స్పానరు పట్టి లాగితే అది కదల్లేదు. ఇది విప్పడానికి పెట్టింది కాదు, కారు ముక్కలు కాకుండా పట్టి ఉంచడానికి పెట్టింది అని నిర్ణయించుకున్నాను. కొంచెం వెనగ్గా ఉన్నది మాత్రం మర్యాదగా కదిలింది. దేవుడే చూపించాడనుకుని విప్పేశాను.

నూనె పట్టడానికి కొట్టులోనుంచి తళతళలాడే కొత్త స్టీలు బేసిన్ తెచ్చి పెట్టుకున్నాను. నా భార్యకు ఆ సంగతి చెప్పలేదు. నూనె సన్నటి ధారగా, తీరిగ్గా దిగింది. బేసిన్‌ను ఎండలోకి లాగి చూస్తే నా కళ్ళు చెదిరాయి. లోపల ఉన్నది తేనె. మంచి బంగారు రంగు. అడుగున బేసిన్ మీద చెక్కిన మా కొట్టు గుర్తు కూడా కనిపిస్తోంది.

"సూసినావా! ఏడాది తిరిగినాక కూడా ఎట్టుండాదో నూనె! మా అంగడికొచ్చే ఇంజన్లలో తారు దిగతాది," అన్నాడు బావమరిది.

"బండి నడిపే పద్ధతిలో ఉంటుంది," అన్నాను వినయంగా. ఎదురింటి పెద్దాయన గేటు దగ్గర కనిపిస్తే ఆయన్ను కూడా పిలిచి చూపించాను. ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

నట్టు బిగించి, ఇంజన్ మీద మూత తీసి కొత్త ఆయిల్ డబ్బా మొత్తం గరాటుతో పోశాను. నూనె ఎంతుందో చూసే పుల్లను బయటికి లాగాను. గీత వరకు తడవాల్సిన పుల్ల పైన పట్టుకునే వంకీ దాకా తడిసి ఉంది.

"కొత్త నూనె గదా, ఇంకా కిందికి దిగలేదు," అన్నాను.

"పాలు పొంగినట్ల పొంగుంటాది. స్టార్ట్ సెయ్, సర్దుకుంటాది," అన్నాడు అతను.

స్టార్ట్ చేశాను. ఒక్క నిమిషం బాగానే ఉంది. తర్వాత వెనకనుంచి పొగ మొదలైంది. నీలం రంగు పొగ. ముందు మా గేటు కనపడకుండా పోయింది, తర్వాత ఎదురిల్లు. పక్కింటి మిద్దె మీద ఆరబెట్టిన వడియాలను ఆ ఇంటావిడ చాపతో సహా చుట్టుకుని లోపలికి పరుగెత్తింది. పొగలోనుంచి ఎదురింటి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏమప్పా, దోమల మందు కొట్టే బండి మనింటికే వచ్చిండాదా?"

"మంచిదే బావా, లోపలుండే కుళ్ళంతా పోతా ఉండాది. ఒక రౌండు కొట్టొస్తే సరిపోతాది," అన్నాడు బావమరిది.

బండరాళ్ళ మీదినుంచి దించి వీధి చివరి వరకు తీసుకెళ్ళాం. పొగ తగ్గకపోగా ఇంకో సంగతి తోడైంది. గేరు మార్చినప్పుడల్లా కాళ్ళ కిందినుంచి ఏదో సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. మొదట పిల్లి అనుకుని బ్రేకు వేశాను. దిగి కింద చూశాం. పిల్లి లేదు. మళ్ళీ కదిలితే మళ్ళీ ఏడుపు, ఈసారి ఇంకొంచెం గట్టిగా. వీధి మలుపులో ఇస్త్రీ బండి దగ్గరున్నవాళ్ళు పని ఆపి మావైపే చూస్తున్నారు. వాళ్ళకు చెయ్యి ఊపి, బండి తిప్పుకుని ఇంటికి తెచ్చేశాను.

ఆ తర్వాత మా ఇద్దరి పరిశోధన మొదలైంది. ప్లగ్గులు విప్పి తుడిచాం. గాలి పోయే డబ్బా విప్పి దులిపాం. సైలెన్సరు గొట్టంలో ఏదైనా అడ్డం పడిందేమోనని బావమరిది చీపురుపుల్ల దూర్చి చూశాడు. విప్పిన ప్రతిదాన్నీ నేను నా మఖమల్ పెట్టెలోని గుడ్డతోనే తుడిచాను. ఎర్ర గుడ్డ నల్లబడింది గానీ పొగ తగ్గలేదు.

"పిస్టన్ రింగులు పొయ్యింటాయి బావా. ఇంజన్ దించాల్సిందే," అన్నాడు చివరికి.

"పొద్దున్నదాకా బాగున్న రింగులు ఇడ్లీ తినేలోగా ఎట్లా పోతాయి? మరి ఆ ఏడుపేమిటి?"

అతను సైలెన్సరు వైపు, గేరు కడ్డీ వైపు మార్చి మార్చి చూశాడు. "పొగ పొయ్యి గేర్లల్లో దూరుంటాది," అన్నాడు.

అది నాకూ సబబుగానే తోచిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

అప్పుడు నా భార్య భోజనానికి పిలవడానికి బయటికి వచ్చింది. మా ఇద్దరి ముఖాలు, విప్పి పరిచిన సామాన్లు చూసింది. ఆమె చూపు గోడ పక్కనున్న బేసిన్ మీద ఆగింది.

"ఇది అంగట్లో కొత్త బేసిన్ గదా?"

మాట మార్చడానికి నాకు వేరే దారి కనపడలేదు. "బేసిన్ సంగతి తర్వాత. ముందు నూనె చూడు. ఏడాదిగా ఇంజన్లో ఉన్న నూనె, ఎంత శుభ్రంగా ఉందో!"

ఆమె వంగి, నూనెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్దింది. వాసన చూసింది. "ఇది ఇంజన్లో ఉండిన నూనేనా?"

"మరింకెక్కడిది?"

"నాలుగు వాయిలు బజ్జీలు కాలిస్తేనే బాణలిలో నూనె నల్లబడిపోతాది. ఏడాదంతా నిప్పులో ఉడికిన నూనె ఇట్లా ఉంటాదా? దీనికి మంట సెగే తగల్లేదు. ఇంకా, మీరు పొద్దున పోసిన నూనె నీళ్ళ మాదిరి జారతా ఉండె. ఇది చూస్తే ఆముదం మాదిరి చిక్కగా ఉండాది."

బావమరిది నావైపు చూశాడు. నేను అతనివైపు చూశాను. కారు కింద నేను విప్పకుండా వదిలేసిన ముందువైపు నట్టు నా కళ్ళముందు మెదిలింది. మంట తగలని నూనె, చిక్కటి నూనె, గేరు మార్చినప్పుడల్లా ఏడుపు. ఒక్కొక్కటే వచ్చి తలలో కూర్చున్నాయి. నేను ఇంజన్ నట్టు విప్పలేదు. గేర్‌బాక్సును ఎండగట్టి, నిండుగా ఉన్న ఇంజన్లో ఇంకో డబ్బా నూనె పోశాను. పాపం ఇంజనుకు గొంతుదాకా వచ్చి పొగ కక్కుతోంది, గేర్లు ఎండిపోయి ఏడుస్తున్నాయి. వీటి మధ్య నేను ప్లగ్గులు తుడుస్తూ కూర్చున్నాను.

"అన్నం తినేసి చూసుకోండి," అంది నా భార్య. నవ్వు ఆపుకుంటోందని గొంతులో తెలుస్తోంది. నాకు అన్నం దిగలేదు. బావమరిదికి బాగానే దిగింది.

తిని, కారును మళ్ళీ బండరాళ్ళ మీదికి ఎక్కించి కిందికి చేరాం. ముందువైపు నట్టు ఇప్పుడు కూడా కదల్లేదు. స్పానరు జారి నా వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి. రెండోసారి బలంగా లాగితే మద్రాసు స్పానరు నోరే కొంచెం వెడల్పయింది. అప్పుడు బావమరిది ఎక్కడినుంచో ఒక ఇనుప గొట్టం ముక్క తెచ్చాడు. పంపుసెట్లు అమ్మేవాడికి గొట్టం ముక్క ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది కాబోలు. వేరే స్పానరు పెట్టి, దాని పిడికి గొట్టం తొడిగి, ఇద్దరం కలిసి గుంజాం. నట్టు కదిలింది. మిగతాది చేత్తో తిప్పాను, ఊడి వచ్చింది.

ఈ తొందరలో ఒకటి మరిచిపోయాం. బేసిన్‌లో బంగారు నూనె నిండి ఉంది, కింద వేరే పాత్రేదీ పెట్టలేదు. రెండింతల నల్ల నూనె ఒక్కసారిగా నా ఛాతీ మీద పడింది. నేను కేకపెట్టాను. చెవిలోకి కూడా పోయింది. నా భార్య బక్కెట్టు పట్టుకుని పరుగున వచ్చి, దాన్ని కాలితో లోపలికి తోసింది. అది నా తలకు తగిలి ఆగింది. నూనె ధార కింద బక్కెట్టు సర్ది, నేను పాక్కుంటూ బయటికి వచ్చేసరికి ఎదురింటి పెద్దాయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఈసారి కూడా తలూపాడు.

ఇంజన్లో పోయడానికి మళ్ళీ నూనె కావాలి. బావమరిది సైకిల్ మీద రేణిగుంట రోడ్డులో ఉన్న పెట్రోలు బంకుకు వెళ్ళాడు. అతను వచ్చేలోగా నేను బంగారు నూనెను నా పాత పంచె గుడ్డలో వడగట్టాను. గేర్‌బాక్సులోకి దాన్ని ఎక్కడినుంచి పోయాలో తెలియక కారు చుట్టూ ప్రదక్షిణం చేశాను. చివరికి లోపల కాళ్ళ కింద పరిచిన పట్టా ఎత్తి చూస్తే ఒక రబ్బరు మూత కనిపించింది. దాని కిందే ఉంది పోసే దారి. కిరసనాయిలు గరాటు పెట్టి పోస్తే నూనె ఏ మాత్రం తొందర లేకుండా దిగింది. ఆ సీట్ల మధ్య వంగి కూర్చున్నంత సేపు నేను చేసిన ప్రసంగాలన్నీ గుర్తుకు వచ్చాయి, ముఖ్యంగా బండి నడిపే పద్ధతి గురించి చెప్పింది.

పొద్దు వాలేటప్పటికి ఇంజన్లో కొత్త నూనె గీత వరకే చేరింది. గీత వరకే ఉందని ముగ్గురం విడివిడిగా పుల్ల తీసి చూశాం. స్టార్ట్ చేస్తే కాసేపు పొగ వచ్చి ఆగిపోయింది. వీధి చివరి వరకు వెళ్ళి వచ్చాం. ఏడుపు లేదు. నేను కిరసనాయిలుతో ఒకసారి, సీకాయతో రెండుసార్లు స్నానం చేశాను.

మరునాడు ఏర్పేడు, కాళహస్తి దాటి నాయుడుపేటకు క్షేమంగానే చేరాం. దారిపొడవునా నా భార్య అద్దాలు దించే ఉంచింది. గాలి కోసం అంది. కిరసనాయిలు వాసన నాకు తెలియదా?

వేడుక ఇంట్లో నేను పిల్లను దీవించి వచ్చేసరికి బావమరిది పందిట్లో కూర్చుని కథ చెబుతున్నాడు. తన పాలు బయటపడకుండా ఉండాలని కథను కొంచెం అటూ ఇటూ సర్దాడు. "ఒకే పూటలో గేర్‌బాక్సు ఆయిలూ ఇంజన్ ఆయిలూ రెండూ దించి మార్చేసినాడు మా బావ. మెకానిక్ మొగమే సూళ్ళేదు," అంటున్నాడు. ఒక్క మాటా అబద్ధం కాదు. ఏ మాటా నిజం కాదు.

దాని ఫలితం భోజనాలకు ముందే వచ్చింది. మా తోడల్లుడి తండ్రి నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ ట్రాక్టరు ఉంది. "రెండు దినాలుగా దగ్గుతా ఉండాది నాయనా. కొంచెం సూడు," అన్నాడు. పందిట్లోనుంచి నలుగురు మా వెనకే వచ్చారు. ఎవరో అప్పటికే మూత ఎత్తి పట్టుకున్నారు.

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని లోపలికి తొంగి చూశాను. బావమరిది నా చెవి దగ్గర, "బావా, ఏ నట్టూ ముట్టుకోవద్దు," అని గొణిగాడు. స్టార్ట్ చెయ్యమన్నాను. అది దగ్గింది. ఆపమన్నాను. కాసేపు గంభీరంగా నిలబడి, "దీన్ని ఎవ్వరూ కదిలించొద్దు. మంచి మెకానిక్‌ను ఈడికే పిలిపించండి," అన్నాను.

తోడల్లుడి తండ్రి అందరివైపూ తిరిగాడు. "సూసినారా? పని తెలిసినోడు ఎంత జాగర్తగా మాట్లాడతాడో!"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.