ఇల్లరికపు జట్టు

షికాగో ఉత్తరపు బేస్‌బాల్ స్టేడియంలో, ఎడమ గోడ వెనక బల్లల మీద కూర్చునేవాళ్లందరికీ బెర్నీస్ ప్రుస్కీ గొంతు తెలుసు. బడి ముందు నడిరోడ్డు మీద నిలబడి, పిల్లల్ని ఇటునుంచి అటు దాటిస్తూ, దూసుకొచ్చే లారీలను ఆపిన గొంతు అది. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా గొంతు మాత్రం రిటైరు కాలేదు.

ఆ బల్లల మీద ఒక ఆచారం ఉంది. ఎదుటి జట్టువాడు హోమ్ రన్ కొట్టి, బంతి గోడ దాటి జనంలో పడితే, పట్టుకున్న మనిషి దాన్ని ఇంటికి పట్టుకుపోకూడదు. మళ్లీ మైదానంలోకి విసిరెయ్యాలి. పగవాడి బంతి మనకెందుకు అని. విసిరినవాడికి చప్పట్లు. దాచుకున్నవాడు మాత్రం ఆట ముగిసేదాకా తిట్లు తింటూ తల దించుకు కూర్చోవాలి. "విసిరెయ్! విసిరెయ్!" అన్న కేకను మొదలుపెట్టేది బెర్నీసే. ఒకసారి ఒక కొత్త పెళ్లికొడుకు బంతి పట్టుకున్నాడు. పక్కనున్న పెళ్లికూతురు "మన జ్ఞాపకంగా ఉంచుకుందాం" అని చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నా సరే, ఆ అబ్బాయి చేత విసిరించేదాకా బెర్నీస్ కూర్చోలేదు.

కొందరు గడుసువాళ్లు సంచిలో పాత బంతి ఒకటి తెచ్చుకుంటారు. అసలుది జేబులో వేసుకుని, పాతది విసిరేసి, చప్పట్లు కూడా కొట్టించుకుంటారు. వాళ్లంటే ఆమెకు మరీ మంట. "చర్చిలో చందా పళ్లెంలో చొక్కా బొత్తాం వేసే రకం" అనేది.

ఇక రెండో జట్టు సంగతి. సొంత జట్టును ఎవరూ ఎంచుకోరు. అమ్మానాన్నల్లా, అది పుట్టుకతో వస్తుంది. కానీ సొంత జట్టు ఏటా గెలవదు కదా. ఎండాకాలం సగంలోనే అది చేతులెత్తేస్తే మిగిలిన ఆటలు ఎవరి కోసం చూడాలి? అందుకని రెండోది ఒకటి పెట్టుకుంటారు. బెర్నీస్ పక్కన కూర్చునే గస్ చాలాకాలం ఉత్తరాలు పంచినవాడు. దేనికైనా చిరునామా సరిగ్గా ఉండాలంటాడు. రెండో జట్టుకు అతను పెట్టిన నియమాలు మూడు: ఈ ఊరి దక్షిణం వైపు జట్టయి ఉండకూడదు. కిందటేడు కప్పు గెలిచినదయి ఉండకూడదు. వేరే లీగుదై ఉండాలి, అప్పుడు మనవాళ్లతో తలపడే గొడవ ఉండదు.

"నాది సియాటిల్" అంది ఒకసారి, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే యోలాండా.

"కారణం?"

"ఆ చొక్కాల రంగు బాగుంటుంది గస్."

"నువ్వు జట్టును ఎంచుకుంటున్నావా, కిటికీ కర్టెన్లు కొంటున్నావా?"

"నీ డెట్రాయిట్‌కేమిటో అంత గొప్ప కారణం?"

"మా మేనత్త ఊరు. ఆవిడ చేసే చెర్రీ పళ్ల 'పై' తిని ఉంటే ఈ ప్రశ్న అడగవు."

"ఓహో, కడుపు చెప్పిన జట్టన్నమాట. నీదో బెర్నీస్?"

"నాకు రెండోది లేదు" అంది బెర్నీస్, వేరుశనక్కాయ చిట్లిస్తూ. "ఉన్న ఒక్కదానితోనే ప్రాణం పోతోంది."

అది నిజం కాదు. ఆమె ఇంట్లో రెండో జట్టు ఉంది. ఎంచుకున్నది కాదు, మొగుడితో పాటు వచ్చింది.

వెండెల్ కేన్సస్ సిటీ మనిషి. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. లిఫ్టులు బాగుచేసే పని. ఆ పని మీదే షికాగో వచ్చి, బెర్నీస్‌ని చూసి, ఆగిపోయాడు. ప్రుస్కీలు తమ పిల్లను ఊరు దాటించే ప్రసక్తే లేదన్నారు. అతను పెట్టె ఒకటి పట్టుకుని అత్తగారింటి పై వాటాలోకి వచ్చేశాడు. పచ్చిగా చెప్పాలంటే ఇల్లరికం. పెళ్లికి ముందు బెర్నీస్ ఒకే ఒక్క షరతు పెట్టింది: "ఇంట్లో జట్టు మా నాన్న జట్టే." వెండెల్, "సరే. నాది రెండోదిగా ఉండనిస్తావా?" అన్నాడు. "ఉండనీ పాపం" అంది ఆమె, పిల్లిని తెచ్చుకుంటానంటే ఒప్పుకున్నంత తేలిగ్గా.

ఇల్లరికం వచ్చిన అల్లుడిలాగే ఆ జట్టు కూడా ఇంట్లో అణిగిమణిగి బతికింది. దాని ఆట రేడియోలో వస్తుంటే వెండెల్ వంటింట్లో గొంతు తగ్గించి వినేవాడు. బెర్నీస్ వస్తే కట్టేసేవాడు. కట్టెయ్యమని ఆమె ఎప్పుడూ అనలేదు, కట్టెయ్యొద్దనీ అనలేదు. కేన్సస్ సిటీ తియ్యటి సాసు సీసా ఫ్రిజ్‌లో అన్నిటికన్నా వెనక ఉండేది. హాట్‌డాగ్ మీద ఎర్ర సాసు వేస్తే ఈ ఊళ్లో వెలివేస్తారు కనక, అతను తనది ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి తినేవాడు. ఆమె జట్టు నీలం టోపీ పెట్టుకుని ఆమెతో స్టేడియానికి వచ్చి, నిజాయితీగా చప్పట్లు కొట్టేవాడు. చివరికి అతను పరాయి ఊరివాడన్న సంగతే బల్లల మీదివాళ్లు మరిచిపోయారు. మోకాళ్లు అరిగి ఆ మెట్లెక్కలేని స్థితి వచ్చాక ఇంట్లోనే టీవీలో చూస్తున్నాడు.

రెండు జట్లూ వేర్వేరు లీగులవి కాబట్టి అన్నాళ్లూ పేచీ రాలేదు. తరవాత పైవాళ్లు, ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఏటా ఆడి తీరాలని రూలు మార్చారు. గస్ నియమాల్లో మూడోది గాల్లో కలిసిపోయింది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం కేన్సస్ సిటీ వాళ్లు షికాగోలో దిగారు.

ఆ రోజు సరస్సు మీద గాలి కోసేస్తోంది. బెర్నీస్ బయల్దేరుతూ పెద్ద కోటు, ఉన్ని చేతితొడుగులు వేసుకుంది. వెండెల్ ఫలహారం బల్ల దగ్గర ఆ జట్టులో కొత్తగా వచ్చిన పొడుగు కుర్రాడి గురించి చెబుతున్నాడు.

"వాడు బ్యాటు తిప్పుతుంటే తలుపు తీసినట్టే ఉంటుంది బెర్నీస్. బలమే కనపడదు."

"మావాడు వేసే బంతికి ఆ తలుపు ఊడి చేతికొస్తుంది చూడు."

"అలాగేలే" అని నవ్వాడు అతను. ఎప్పుడూ ఆ మాటే.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆ పొడుగు కుర్రాడు నిజంగానే తలుపు తీసినట్టు తిప్పాడు. బంతి లేచింది, గాలిని చీల్చుకుంటూ ఎడమ గోడ దాటింది. గస్ మోచేతికి తగిలింది, ముందు బల్ల మీద పడి ఎగిరింది, తిన్నగా బెర్నీస్ ఒళ్లోని వేరుశనక్కాయల పొట్లంలో వచ్చి కూర్చుంది.

ఆ బల్లలన్నీ ఒక్కసారిగా ఆనందంతో ఊగిపోయాయి. ఇన్నేళ్లూ ఊరందరి చేతా విసిరించిన మనిషి! "విసిరెయ్! విసిరెయ్!" మొదలుపెట్టడానికి ఆమె అక్కర్లేకపోయింది. ఎక్కడో వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు మరీ కసిగా వినిపించింది. ఆ పెళ్లికూతురేమో అని బెర్నీస్‌కు అనుమానం.

ఆమె లేచి నిలబడి చెయ్యెత్తింది. అప్పుడు కోటులో ఫోను మోగింది.

"టీవీలో కనపడుతున్నావు" అన్నాడు వెండెల్. "టోపీ వంకరగా ఉంది."

"వెండెల్, ఇది మీవాడు కొట్టిందే."

"చూశాను." వెనక టీవీ గొంతు తగ్గింది. "విసిరెయ్యవోయ్. అందరూ అరుస్తున్నారు పాపం. నీకు మాట వస్తుంది" అన్నాడు.

'నాకివ్వు' అని ఉంటే బెర్నీస్ విసిరేసేదే. "రూలు రూలే వెండెల్" అని కూడా అనేది. కానీ అతను అడగలేదు. అదీ 'అలాగేలే' లాంటి మాటే, మళ్లీ. వంటింట్లో రేడియో మీట తిప్పిన చప్పుడు ఆమెకు ఆ హోరులో వినపడినట్టయింది. అతను ఆ మీట తిప్పని సాయంత్రం ఒక్కటైనా ఉందా అని వెతికితే దొరకలేదు. అతని లోపల ఏది మొదటి జట్టో, ఏది రెండోదో తను ఎన్నడూ అడగలేదు. మాటిచ్చాడు కదా, అక్కడితో తీరిపోయిందనుకుంది.

ఫోను పెట్టేసి బెర్నీస్ కిందికి వంగి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు నటిస్తూ, "గస్," అంది, పళ్ల బిగువున. "పాత బంతి ఎవరి దగ్గరైనా ఉందా?"

గస్ చెవుల దాకా ఎర్రబడి, కాళ్ల దగ్గరున్న సంచిలో చెయ్యి పెట్టాడు.

"ఎన్నాళ్లనుంచీ మోస్తున్నావు దీన్ని?"

"ఎప్పట్నించో. నీకు భయపడి ఎన్నడూ తియ్యలేదు."

"దొంగ వెధవా."

"ఇప్పుడు ఇద్దరం అదే కదా తల్లీ. తొందరగా కానీ, కెమెరా ఇటే తిరుగుతోంది."

యోలాండా అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఊపుతూ గంతులేసింది. బెర్నీస్ పాతదాన్ని కోటు జేబులో దూర్చింది. అసలుది ఎక్కడ పెట్టాలో తోచక దాన్నీ ఆ జేబులోనే దూర్చింది. లేచి నిలబడి, ఉన్ని తొడుగు చేతితో ఒకదాన్ని పైకి లాగింది. చలికి వేళ్లు మొద్దుబారిపోయి ఉన్నాయి. రోడ్డు మీద లారీని ఆపినంత ఠీవిగా చెయ్యెత్తి, విసిరింది. చప్పట్లతో బల్లలు అదిరిపోయాయి.

ఇంటికి వెళ్లే రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. వెచ్చగా ఉంది. బెర్నీస్ తొడుగులు తీసి, దొంగ సొమ్ము చూసుకుంటున్నట్టు అటూ ఇటూ చూసి, బంతి బయటికి తీసింది. దాని మీద వంకర అక్షరాలతో ముద్ర ఉంది: 'పార్కు పిల్లల లీగు'. ఆ పక్కనే ఏదో కుక్క పంటి గాటు.

ఆమె దాన్ని తిరగేసి చూసింది. తిరగేస్తే మారుతుందా? జీవితంలో ఒక్కసారి రూలు తప్పింది, అది కూడా తిన్నగా తప్పలేకపోయింది. ఆచారానికి ఆచారమూ దక్కింది, చప్పట్లకు చప్పట్లూ దక్కాయి. వెండెల్‌కు దక్కాల్సింది మాత్రం గడ్డి మీద ఎక్కడో దొర్లి, ఎవరి బుట్టలోకో పోయింది. దార్లో ఆటసామాన్ల కొట్టు దగ్గర దిగి, అచ్చం అలాంటిది కొని, మట్టి పులిమి ఇవ్వచ్చనుకుంది. ఆ స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. మూసుకున్నాయి. ఒక్కరోజుకు ఒక్క మోసమే ఎక్కువనిపించి కూర్చుండిపోయింది.

ఇంట్లో వెండెల్ బార్లీ సూపు వేడిచేసి ఉంచాడు. "బాగా విసిరావు" అన్నాడు. "టీవీలో రెండుసార్లు చూపించారు."

"అది అసలుది కాదు వెండెల్" అనేసింది బెర్నీస్. నోరు జారిందో, కావాలనే అందో ఆమెకే తెలీదు. అతని మొహంలో అంతలోనే వచ్చిన వెలుగు చూశాక ఇక వెనక్కి తిరగడానికి దారి లేకపోయింది. బంతి తీసి, ముద్ర ఉన్న వైపు బొటనవేలు అడ్డం పెట్టి, అతని అరచేతిలో ఉంచింది.

వెండెల్ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. లిఫ్టు తీగల్లో ఏది అరిగిందో తడిమి చెప్పగలిగిన వేళ్లు అవి. కుట్ల వెంట మెల్లగా నడిచి, కుక్క గాటు దగ్గర ఆగాయి. అతను ముద్ర చదివాడు. గోడవైపు చూశాడు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది బెర్నీస్. నవ్వుతున్నాడు.

"వెండెల్, నీకొక సంగతి చెప్పాలి..."

"సూపు చల్లారిపోతుంది" అన్నాడు అతను. "నా కోసం నువ్వు దొంగతనం చేశావు. అది చాలదా?"

బంతిని రేడియో పక్కన అలమారలో పెట్టాడు, ముద్ర గోడవైపు ఉండేలా. ఎవరు ఇంటికొచ్చినా చూపిస్తాడు: "మా కేన్సస్ సిటీ కుర్రాడు కొట్టిందండీ. బెర్నీస్ కెమెరాల ముందే తారుమారు చేసి తెచ్చింది." చెబుతున్నంతసేపూ ఆమెవైపే చూస్తాడు, మొహంలో ఏ భావమూ లేకుండా. వచ్చినవాళ్లు బెర్నీస్‌ని మెచ్చుకుంటారు. ఆమె తల వంచుకుని బిస్కెట్ల పళ్లెం అందిస్తుంది. అదీ ఆమెకు పడిన శిక్ష. సాసు సీసా మాత్రం ఇప్పుడు ఫ్రిజ్‌లో ముందు వరసలో ఉంటోంది. రేడియో సాయంత్రమంతా మోగుతోంది. వంటింట్లోకి వచ్చినప్పుడు ఆమే గొంతు కాస్త పెంచి పోతోంది.

మే నెలలో, చలి ఇంకా వదలని ఒకరోజు ఎవరో పరాయి ఆటగాడు కొట్టిన బంతి రెండు వరసల కింద ఒక లావుపాటి మనిషి చేతిలో పడింది. అతను తొడుగు చేతులతో దాన్ని పొట్టకు హత్తుకుని, భయంగా చుట్టూ చూశాడు. కేక మొదలవుతుందని బల్లలన్నీ బెర్నీస్ వైపు తిరిగాయి. బెర్నీస్ వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

"ఏమైంది బెర్నీస్? గొంతు పట్టేసిందా?" అన్నాడు గస్.

"నీ సంచిలో ఇంకోటుందా?"

"ఉంది."

"పాపం ఆయనకివ్వు" అంది ఆమె, తలెత్తకుండానే. "తొడుగులు తీసి విసరమని చెప్పు."